నిన్నటి పనికి ఇవాళ్టి జరిమానా

ఆడుతూనే నియమాలు మార్చుకునే ఆట ఒకటుంది, పేరు నోమిక్. అమెరికాలో తత్వశాస్త్రం బోధించిన పీటర్ సూబర్ దీన్ని రూపొందించాడు. 1982లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వచ్చాక నలుగురికీ తెలిసింది. మొదట 29 నియమాలుంటాయి. వంతు వచ్చినవాళ్లు ఒక మార్పు ప్రతిపాదిస్తే అందరూ ఓటేస్తారు. మా క్లాసులో ఖాళీ పీరియడ్లలో ఇదే ఆడుతున్నాం.

ఈమధ్య "పద్యం చెబితే 5 పాయింట్లు" అని ఒక నియమం చేర్చుకున్నాం. ఒకమ్మాయి ఒకే పద్యం నాలుగుసార్లు చెప్పి 20 పాయింట్లు ఇమ్మంది. క్లాసంతా గోల. ఇలాంటప్పుడు, ఆడుతున్నవాళ్లకి ముందు వంతు ఎవరిదో వాళ్లే జడ్జి. నియమం స్పష్టంగా లేకపోతే ఆట అలవాటునీ, స్ఫూర్తినీ చూసి తీర్పు చెప్పాలి. మా జడ్జి ఒక్కసారికే 5 ఇచ్చింది. అది సబబే.

అక్కడితో ఆగలేదు. "చెప్పిన పద్యమే మళ్లీ చెబితే 20 పాయింట్లు కోత, ఈమెతోనే మొదలు" అని ఇంకో ప్రతిపాదన వచ్చింది. చేతులు ఎక్కువ లేచాయి, నెగ్గింది. కానీ ఆమె మీద ఆ కోత చెల్లదంటాను. లొసుగు పూడ్చండి, వద్దనను. అయితే 107వ నియమం ప్రకారం ఏ మార్పూ ఓటు ముగిశాకే అమల్లోకి వస్తుంది, వెనక్కి వర్తించదు. ఎంతమంది చేతులెత్తినా అంతే. 113వ నియమం ఇంకో మాట కూడా అంటుంది: ఓడిపోవడం కంటే పెద్ద శిక్ష ఎవరికీ వెయ్యకూడదు. అది పెద్దదా కాదా అని తేల్చేది శిక్ష పడే మనిషే.

"ఆటే కదా, ఇంత పట్టింపెందుకు?" అనొచ్చు. నాకు తెలిసిన ఒక హాస్టల్లో రాత్రి పది దాటాక ఫోన్ మాట్లాడినవాళ్లకి, మర్నాడు నోటీసు అంటించి, ఆ నోటీసు ప్రకారమే 200 రూపాయలు జరిమానా వేశారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. మన రాజ్యాంగం 20వ అధికరణం ఏమంటుందో చూడండి: చేసిన నాటికి నేరం కానిదానికి శిక్ష లేదు, అప్పటి చట్టంలో ఉన్నదానికంటే ఎక్కువ శిక్షా లేదు. హాస్టల్ కోర్టు కాదు, నిజమే. న్యాయం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

మా ఇంట్లో తెలుగు, కన్నడ రెండూ నడుస్తాయి. "రూల్ అంటే రూలే" అనే మాట రెండింట్లోనూ వింటుంటాను. ఒప్పుకుంటాను, కాకపోతే అది రూల్ పెట్టేవాళ్లకీ వర్తించాలి. ఇకమీదట జరిమానా నోటీసు కనిపిస్తే, ఎంత కట్టాలో చూసేముందు దానిమీద తారీఖు చూడండి.

— ద్వితీయ బి.ఏ. విద్యార్థిని