చక్రం కోసే చేతుల అనుభవాన్ని భద్రపరచాలి: ఆగ్నేయ రైల్వే జనరల్ మేనేజర్ గారికి బహిరంగ లేఖ

ఆగ్నేయ రైల్వే జనరల్ మేనేజర్ గారికి,
గార్డెన్ రీచ్, కోల్‌కతా.

రైలు పెట్టెలనూ వ్యాగన్లనూ నిర్ణీత కాలానికి ఒకసారి విప్పి, అరిగిన భాగాలను సరిచేసి, తిరిగి బిగించే పనిని రైల్వేలో పీరియాడికల్ ఓవర్‌హాల్ అంటారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో సాగే ఈ పనిలో ప్రయాణికుల ప్రాణాలతో నేరుగా ముడిపడిన ఘట్టం అరిగిన చక్రాన్ని లేత్ మీద కోసి మళ్లీ సరైన ఆకారానికి తేవడం. ఆ లేత్ ముందు నిలబడే టర్నర్ల అనుభవం, అందులోనూ అదే పట్టణంలోని గోల్‌బజార్ చుట్టూ ఉన్న రైల్వే క్వార్టర్లలో తరాలుగా నివసిస్తున్న తెలుగు కుటుంబాల టర్నర్ల అనుభవం, వారి పదవీ విరమణతో అంతరించిపోకుండా వారి మాటల్లోనే నమోదు కావాలని ఈ లేఖ కోరుతున్నది.

చక్రం మీద పట్టాను ఆనుకుని దొర్లే భాగాన్ని ట్రెడ్ అనీ, చక్రం పట్టా దాటిపోకుండా లోపలివైపు అడ్డుగా నిలిచే ఎత్తైన అంచును ఫ్లాంజ్ అనీ వ్యవహరిస్తారు. సరుకుల వ్యాగన్లలో ఈ ఫ్లాంజ్ మందం 16 మి.మీ. కంటే తగ్గితే ఆ చక్రాన్ని నడపకూడదు. అయితే పలచబడిన ఫ్లాంజ్‌కు లోహాన్ని అతికించడం ఉండదు. ట్రెడ్‌ను కిందికి కోసుకుంటూ పోయి, ఉన్న లోహంలోంచే కొత్త ఫ్లాంజ్‌ను రాబట్టాలి. ఐసీఎఫ్ (ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె చక్రం కొత్తగా ఉన్నప్పుడు 915 మి.మీ. వ్యాసం ఉంటుంది, 825కు తగ్గితే దాన్ని పక్కన పెట్టేస్తారు. అంటే చక్రం జీవితకాలమంతటికీ వ్యాసంలో ఉన్న పెట్టుబడి 90 మి.మీ. మాత్రమే కనుక, అవసరానికి మించి తీసిన ప్రతి మిల్లీమీటరూ దాని ఆయుష్షులోంచే పోతుంది.

అందువల్ల తక్కువ కోత కోయడమే నేర్పు అనిపించవచ్చు గానీ, పని అంత సులువు కాదు. బ్రేకు పట్టేసి చక్రం దొర్లకుండా పట్టా మీద ఈడ్చుకుపోయినప్పుడు, రాపిడికి ఆ చోట ఉక్కు విపరీతంగా వేడెక్కి, మరుక్షణంలోనే చల్లారి, మార్టెన్‌సైట్ అనే అతి గట్టి, పెళుసైన పొరగా మారుతుంది. లోహాన్ని పొదుపు చేయాలని పైపైన కోస్తే టూల్ మొన ఆ గట్టి పొరలోనే నడిచి విరిగిపోతుంది. పొర అడుగున ఉన్న మెత్తని లోహంలోకి మొనను దించి, పొరను కింది నుంచి లేపుకు రావాలి. ఎంత లోతుకు దించాలన్నది చక్రాన్ని చూసి, కోత శబ్దాన్ని విని నిర్ణయించుకునే విషయం. కోతలో రాలే లోహపు రజను రంగు చెప్పేదీ అంతే: హైస్పీడ్ స్టీల్ టూల్‌తో కోసేటప్పుడు రజను నీలంగా వస్తే వేగం మితిమీరినట్టు, కార్బైడ్ టూల్ విషయంలో అదే నీలం రంగు వేడి రజనుతోపాటు బయటికి పోతున్నదనడానికి గుర్తు కావచ్చు. కంప్యూటర్ అదుపులో నడిచే సీఎన్‌సీ లేత్ టూల్‌ను గీసిన దారిలో తప్పకుండా నడిపిస్తుంది, కానీ ఏ చక్రానికి ఎంత కోత అవసరమో తేల్చే బాధ్యత ఆపరేటర్‌దిగానే మిగులుతుంది. యంత్రాలు మారినంత మాత్రాన పాత టర్నర్ల తెలివికి పని లేకుండా పోయిందనుకోవడం పొరపాటు.

ఈ తెలివిలో తెలుగువారి పాలు పెద్దది. బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గం ఖరగ్‌పూర్‌ను వాల్తేరుతో కలిపిన తరువాత శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి వచ్చినవారు ఇక్కడి పనుల్లో కుదురుకున్నారు. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1920లలో ఈ రైల్వే కార్మికుల ఉద్యమానికి నాయకత్వం వహించారు. 1927లో ఖరగ్‌పూర్ కార్మికుల సమ్మె దేశమంతటా చర్చకు వచ్చింది. ఆ పోరాటాల చరిత్ర పుస్తకాలకెక్కింది, కానీ అదే కార్మికులు రోజూ చేసిన పనిలోని విద్యకు అటువంటి గౌరవం దక్కలేదు. ఇది న్యాయం కాదు.

భాష విషయంలో చట్టం దారి చూపినా, అది చివరిదాకా తీసుకువెళ్లలేదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 108వ సెక్షన్ ప్రకారం చట్టరీత్యా పెట్టవలసిన నోటీసులు ఇంగ్లీషులోనూ, కార్మికుల్లో అత్యధికులకు అర్థమయ్యే భాషలోనూ ఉండవలసి వచ్చేది. సంఖ్యలో తక్కువగా ఉన్నవారి భాషను ఆ నిబంధన పట్టించుకోలేదు. తిరుగుతున్న లేత్ దగ్గర చేతితొడుగులు వేసుకోకూడదనీ, రజనును చేత్తో లాగకుండా కొక్కెంతో తీయాలనీ, కోసే ముక్కను పట్టి ఉంచే చక్‌ను బిగించే తాళాన్ని చక్‌లోనే వదిలేసి యంత్రాన్ని నడపకూడదనీ చెప్పే మాటలు కొత్తగా చేరిన అప్రెంటిస్‌కు ఏ తడబాటూ లేకుండా అర్థం కావలసినవి. రైల్వే నియామక పరీక్షను తెలుగులో రాసే వీలున్నప్పుడు, ప్రాణరక్షణకు సంబంధించిన పాఠాన్ని తెలుగులో వినే వీలు కూడా ఉండడం సమంజసం. 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వడానికి పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ నిర్ణయం కేంద్ర సంస్థ అయిన రైల్వేను కట్టడి చేయకపోయినా, అనుసరించదగిన ఉదాహరణగా నిలుస్తుంది.

కనుక పదవీ విరమణకు దగ్గరపడిన టర్నర్లు, మెషినిస్టులు తమ పనిని లేత్ పక్కనే నిలబడి వివరిస్తుండగా వీడియోలో నమోదు చేయించి, ఆ వివరణలను తెలుగు, బెంగాలీ, హిందీ భాషల్లో అప్రెంటిస్‌లకు పాఠాలుగా అందించవలసిందిగా యాజమాన్యానికి విజ్ఞప్తి. లోహశాస్త్రం, యంత్ర నిర్మాణం బోధించే ఐఐటీ 1951 నుంచి ఇదే పట్టణంలో ఉన్నది కనుక సాంకేతిక సహకారం కోసం దూరం వెళ్లవలసిన అవసరం లేదు. మొదటి నమోదు చక్రాల లేత్ దగ్గరే ఆరంభం కావాలి, అది వచ్చే బృందం పదవీ విరమణకు ముందే జరగాలి.