పాత్రాపాత్ర వివేకం

'పాత్ర' అన్న మాటకు మన భాషలో వున్న అర్థాలలో ఇవి రెండు. గిన్నె ఒకటి, యోగ్యత గలవాడు రెండవది. దానం చేసేముందు పుచ్చుకొనేవాడి పాత్రత చూడమన్నారు పెద్దలు. మన ఆడవాళ్లు ఆ మాటను వంటింట్లో అక్షరాలా పాటిస్తారు. ఆవకాయ జాడీలోకి వెళుతుందిగాని ఇత్తడి బిందెలోకి వెళ్లదు. కళాయి పోయిన గిన్నెలో తెలిసిన ఇల్లాలెవరూ చింతపండు పులుసు కాచదు. ఉప్పూ పులుపూ లోహాన్ని తింటవని వారికి శాస్త్రజ్ఞులు వచ్చి చెప్పనక్కరలేదు.

ఈ వివేకమే కార్ఖానాలలో కరువైతే ఊళ్లకు ఊళ్లే ప్రమాదంలో పడతవి.

నా పాత శిష్యుడొకడు చిన్న పరిశ్రమ పెడుతున్నాడు. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ నిలవ చేయడానికి టాంకు కావాలట. "గాఢ గంధకామ్లం పోసిన ఉక్కు టాంకొకటి సగం ధరకు వస్తున్నది మాస్టారూ! అదీ ఆసిడే, ఇదీ ఆసిడే గదా!" అన్నాడు. నేను చెప్పగలిగినది వ్యాకరణం. అందుచేత అతణ్ణి మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవారికి అప్పగించి, పక్కన కూర్చుని నేనూ విన్నాను.

గాఢమైన గంధకామ్లాన్ని మామూలు ఉక్కు టాంకులో వుంచవచ్చునట. అది ఉక్కును తాకగానే గోడకు ఐరన్ సల్ఫేటు పొర కడుతుంది. ఆ పొరే గోడకు కవచం. కాని నీరు చేరి ఆమ్లం పలచబడిందా, కవచం కరిగిపోతుంది, ఉక్కును తినడం మొదలవుతుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. అటువంటి టాంకుమీద వెల్డింగు నిప్పురవ్వ పడితే ఇక చెప్పనక్కరలేదు. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ దగ్గర ఆ కవచం ప్రసక్తే లేదు. ఉక్కునేగాక, మరక పడదని మనం మురిసే స్టెయిన్‌లెస్ స్టీలును కూడా తినేస్తుంది. దానికి లోపల రబ్బరు తొడిగిన ఉక్కు టాంకో, ఆ ఆమ్లానికని చేసిన ఫైబర్‌గ్లాసు టాంకో వుండాలి.

బరువు సంగతీ చూడాలి. గాఢ గంధకామ్లం లీటరు సుమారు 1.84 కిలోలు తూగుతుంది. నీళ్లకోసం కట్టిన టాంకులో నింపితే దాని గోడలు మోయవలసింది రెట్టింపుకు దగ్గర! ఇక టాంకు ఎంత గట్టిదైనా, చుట్టూ తొట్టిలాగా గోడ కట్టాలి. టాంకు పగిలినా సరుకంతా అందులోనే ఆగేటట్లు, టాంకు కొలతకు నూటికి పది ఎక్కువ పట్టేలా కట్టడం పద్ధతి. ఆసిడ్‌నూ బ్లీచింగు ద్రవాన్నీ ఒకే తొట్టిలో పెట్టరాదు. రెండూ కారి కలిస్తే క్లోరిన్ విషవాయువు లేస్తుంది.

గట్టిదనాన్ని పరీక్షించకపోతే తియ్యని వస్తువూ యముడవుతుంది. 1919 జనవరి 15న అమెరికాలోని బోస్టన్‌లో సుమారు 23 లక్షల గాలన్ల చెరకు మడ్డి వున్న టాంకు పగిలి, 21 మంది చనిపోయారు. అంత టాంకునూ ఆరంగుళాల నీళ్లు పోసి పరీక్షించారట! కారుతున్నదని జనం మొరపెట్టుకొంటే, కారింది కనబడకుండా గోధుమరంగు వేశారట!

మంచి టాంకు కొన్నంత మాత్రాన సరిపోదనడానికి మన దేశమే సాక్ష్యం. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో విషం కక్కినది స్టెయిన్‌లెస్ స్టీలు టాంకే. లోపలికి నీరు చేరింది. చల్లబరిచే యంత్రాన్ని అంతకుముందే ఆపివేశారు. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నంలో స్టైరీన్ టాంకు నుండి ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. స్టైరీన్ వేడెక్కితే తనంతట తాను గడ్డకట్టడం మొదలుపెట్టి, ఆ వేడితో మరింత వేడెక్కుతుంది. దాన్ని చల్లగా వుంచాలి, గడ్డకట్టకుండా మందు కలుపుతూ వుండాలి. ఆ టాంకులో వేడిని కొలిచేది అడుగుభాగంలోనే. పైన ఉడుకుతున్న సంగతి కింది అంకెకేం తెలుస్తుంది?

అంతా విని మా శిష్యుడు, "అయితే ఖర్చు మూడింతలవుతుందండీ," అని నిట్టూర్చాడు. రసాయనశాస్త్రంవారు ఒక్కటే అడిగారు: "ఆ టాంకు పక్కన రోజుకు ఎనిమిది గంటలు నిలబడేదెవరు నాయనా?" అతడు జవాబు చెప్పలేదు. పాత టాంకుకు ఇవ్వవలసిన బయానా మాత్రం ఇవ్వలేదని తరువాత తెలిసింది.

ఇదంతా కార్ఖానాలవారి గొడవ అనుకోకండి. స్నానాలగది కడిగే ఆసిడ్‌ను ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో పోసి మూల పెట్టే ఇళ్లు ఎన్ని లేవు? ఆ సీసాను చూసి పిల్లవాడు దాహమే అనుకొంటాడుగాని ఆసిడ్ అనుకోడు. వచ్చిన సీసాలోనే వుంచండి, చీటీ చింపకండి, చేయి అందని చోట తాళంలో పెట్టండి. బ్లీచింగుతో కలపకండి. అపాత్రదానంవల్ల పుణ్యం రాదని శాస్త్రాలన్నవి. ఇక్కడ ప్రాణమే పోతుంది.