అసలైన అసీల్

హైటెక్ సిటీ అనగానే అద్దాల మేడలు, పైవంతెనలు, మెట్రో రైలు మనకు గుర్తుకు వస్తాయి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభం కావడానికి ఎంతో ముందునుంచే ఆ నేలమీద మాదాపూర్, కొండాపూర్, కొత్తగూడ, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ అనే ఊళ్ళు ఉన్నాయి. ఆ ఊళ్ళ పాత వీధులు నేటికీ పూర్తిగా చెరిగిపోలేదు. ముప్పై అంతస్తుల భవనం నీడలో ఒక పెంకుటిల్లు, దాని వెనుక చిన్న పెరడు, ఆ పెరట్లో గంప కింద నాలుగైదు పెట్టలు, వాటికి కాపలాగా ఒక పుంజు కనిపించే ఇళ్ళు ఇంకా మిగిలి ఉన్నాయి. ఫజ్ర్ అజాన్‌తో పాటు కోడికూత వినిపించే ఆ ఇళ్ళను ఉద్దేశించి ఈ నెల నాలుగు మాటలు చెప్పదలిచాము.

పూర్వం పుంజుకు తిరగడానికి పొలం ఉండేది, చెరువుగట్టు ఉండేది. దాని కోపతాపాలు ఎవరికీ అంతగా పట్టేవి కావు. నేడు దాని రాజ్యం నూరు గజాల వాకిలి. అదే వాకిలిలో పసిబిడ్డ పారాడుతుంది, దాదీమా వుజూ చేసుకుంటుంది, పాలవాడు, గ్యాస్ బండ తెచ్చేవాడు వచ్చి పోతుంటారు. పెద్దవాళ్ళ పిక్కమీద గీరితే మానిపోయే గాయం పసిబిడ్డ విషయంలో కంటికే ఎసరు పెట్టవచ్చు. ఎందుకంటే పుంజు ఎగిరి తన్నే ఎత్తూ, రెండేళ్ళ బిడ్డ ముఖమూ ఒక్కటే. కాబట్టి చిన్న పెరట్లో పుంజుకు అందం, బరువు, రంగు అన్నీ తరువాతి సంగతులు. మొదట చూడవలసినది గుణం.

మన తెలుగునేలకు పేరు తెచ్చిన కోడిజాతి అసీల్. ఈ మాటకు అరబీలో మేలుజాతిది, కల్తీ లేనిది అని అర్థం. మనం నిత్యం వాడే 'అసలు' అనే మాటకూ మూలం అదే. అయితే కాలక్రమంలో అసీల్ అంటే పోట్లాడేది అనే అర్థం స్థిరపడిపోయింది. పల్నాటి చరిత్రలోనే నాగమ్మ, బ్రహ్మనాయుడుల నడుమ కోడిపందెం ఎంత చేటు తెచ్చిందో తెలుగువారికి తెలుసు. నేటికీ సంక్రాంతి వచ్చిందంటే గోదావరి, కృష్ణా తీరాల్లో పుంజుల కాళ్ళకు కత్తులు కడుతూనే ఉన్నారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం దీనిని నేరమన్నది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద నిరోధక చట్టం పందాన్ని నిషేధించింది. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కూడా ఈ పందాలను అరికట్టాలని ఆదేశించింది. మన ధర్మం దృష్టిలో జూదం ఎలాగూ హరామ్. పైగా జంతువులను ఒకదానిపై మరొకదానిని ఉసికొల్పడాన్ని మహాప్రవక్త (స) వారించారని అబూదావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఉంది. కనుక పందెపు బేరగాడు ఇంటి ముందుకు వచ్చి ఎంత సొమ్ము చూపినా, మన పెరటి పుంజు అటు వెళ్ళకూడదు.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. పుంజు మరో పుంజుతో పోట్లాడటం వేరు, మనిషిమీద పడటం వేరు. ఈ రెండూ ఒకే గుణం కావు. మేలైన అసీల్ పుంజు సాటి పుంజును చూస్తే ఆగదు గానీ, పెంచిన మనిషి చేతిలో గొర్రెపిల్లలా ఒదిగి ఉంటుందని కోళ్ళను ఎరిగినవారంతా చెబుతారు. తరతరాలుగా దానిని చేతుల్లోకి తీసుకుని, ఒళ్ళు నిమిరి, గాయాలు కడిగి సాకారు. మనిషిని పొడిచేదానిని ఉంచుకోలేదు. అంటే ఆ సాధుత్వం కూడా ఏరుకోవడం వల్ల వచ్చినదే. పందెగాళ్ళు ఒక గుణాన్ని పెంచితే, మనం రెండవ గుణాన్ని పెంచుకోవచ్చు.

గుణం వంశంలో దిగుతుందనడానికి విజ్ఞానశాస్త్రంలోనూ ఆధారం ఉంది. స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు మన పెంపుడు కోళ్ళకు మూలమైన ఎర్ర అడవికోళ్ళను తీసుకుని, మనిషిని చూసి తక్కువ బెదిరే వాటిని ఒక వరుసగా, ఎక్కువ బెదిరే వాటిని మరొక వరుసగా పొదిగిస్తూ వచ్చారు. కొద్ది తరాల్లోనే ఆ రెండు వరుసల స్వభావాలు స్పష్టంగా వేరుపడ్డాయి. గొప్ప పరికరాలేమీ లేకుండా, ఓపికతో ఏరుకునే పని కనుక దీనిని మన గృహిణులూ చేయగలరు.

ఎలా చేయాలో చూద్దాం. ఒక పొదుగులో వచ్చిన పిల్లల్లో మూడు నాలుగు పుంజుపిల్లలను ఉంచుకోండి. కాళ్ళకు వేర్వేరు రంగుల దారాలు కట్టండి. నాలుగైదు నెలల వయసు వరకు అన్నీ మంచివే. కూత మొదలై, జుట్టు ఎర్రబారి, కాలి ముల్లు మొలిచే వేళకు అసలు స్వభావం బయటపడుతుంది. అప్పటినుంచి ఏడాది నిండేవరకు గమనించండి. మేత చల్లినప్పుడు తాను తినకుండా 'కుక్కుక్' అంటూ పెట్టలను పిలిచేది మంచి పుంజు. ఆకాశంలో గద్ద నీడ కదలగానే హెచ్చరించేది మంచి పుంజు. పెట్టల వీపుమీద ఈకలు ఊడిపోయి పుండ్లు పడుతుంటే ఆ పుంజు మొరటుదని తెలుసుకోండి. మనిషి రాగానే ఒక రెక్క కిందికి వాల్చి పక్కగా అడుగులు వేస్తూ వచ్చినా, మెడ ఈకలు నిక్కబొడుచుకుని కాళ్ళవైపు చూసినా, అది సవాలు చేస్తున్నదని అర్థం. ఒకసారి చేస్తే వయసు పొగరు అనుకోవచ్చు. మళ్ళీ మళ్ళీ చేస్తే అది స్వభావం. దాని గుడ్లు పొదిగించవద్దు.

తండ్రిని చూసినంత శ్రద్ధగా తల్లిని కూడా చూడాలి. కొడుకుకు సగం తల్లినుంచే వస్తుంది. పొదుగుమీద ఉన్నప్పుడు పెట్ట కాస్త గుర్రుమనడం సహజం. మామూలు రోజుల్లోనూ సాటి పెట్టలను పొడిచి మేతకు రానివ్వని పెట్ట గుడ్లను మాత్రం వంటకే వాడుకోండి. పుంజును మార్చినప్పుడు మరొక జాగ్రత్త అవసరం. పాత పుంజు బీజం పెట్ట శరీరంలో రెండు మూడు వారాలు నిలిచి ఉంటుంది. కాబట్టి కొత్త పుంజు వచ్చిన మూడు వారాల తరువాత పెట్టిన గుడ్లనే పొదుగుకు వేయాలి. తండ్రిని కూతుళ్ళతో జతకట్టించడం కొనసాగితే పిల్లలు బలహీనపడతాయి. చేవెళ్ళలోనో వికారాబాదులోనో ఉన్న బంధువులతో ఏడాదికో రెండేళ్ళకో పుంజును మార్చుకుంటే సరిపోతుంది. అలా తెచ్చేటప్పుడు దాని రంగుతో పాటు దాని తండ్రి ఎలాంటిదో కూడా అడిగి తెలుసుకోండి.

కొందరు వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ కోళ్ళ గురించి అడుగుతుంటారు. మొదటి రెండూ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలకాలయం పెరటి పెంపకం కోసం రూపొందించినవి. 1988లో ప్రాజెక్టుగా మొదలైన ఆ సంస్థ 2013లో పూర్తిస్థాయి సంచాలకాలయమైంది. రాజశ్రీ కూడా రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఇచ్చినదే. గుడ్లకు, మాంసానికి ఇవి మేలైనవి. అయితే వనరాజా, గ్రామప్రియ వంటివి వేర్వేరు వరుసలను కలిపి తీసిన సంకరాలు. వాటి గుడ్లను మనం పొదిగిస్తే తల్లిదండ్రుల లక్షణాలు పిల్లల్లో అలాగే నిలవవు. తరతరాలకు గుణం కూడబెట్టాలనుకునేవారికి నాటుజాతే తగినది.

వంశం ఎంత మంచిదైనా పెంపకం చెడగొట్టగలదు. ఒంటరి పుంజుపిల్లను ఇంట్లో ఆటబొమ్మలా ఒళ్ళో పెట్టుకుని పెంచితే, పెద్దయ్యాక అది మనిషిని సాటి పుంజుగా లెక్కగట్టి పోటీకి దిగే అవకాశం ఉంది. పిల్లను పెట్టల మధ్యనే పెరగనివ్వండి. పెద్ద పెట్టలు దానికి మర్యాద నేర్పుతాయి. మన పని రోజూ మేత వేయడం, నెమ్మదిగా నడవడం, అవసరమైనప్పుడు రెక్కలు అదిమి స్థిరంగా ఎత్తుకోవడం. పుంజు ఎదురైతే పరుగెత్తరాదు, పరుగు దానికి గెలుపు. తన్నరాదు, తన్ను దానికి పిలుపు. నిలబడి, అది తప్పుకున్నాక కదలాలి. 'పుంజు పిరికిదా?' అంటూ దానిని కర్రతో రెచ్చగొట్టి నవ్వుకునే మగపిల్లలను పెద్దలు గట్టిగా మందలించాలి. ఆ ఆట ఫలితం తరువాత చిన్న చెల్లెలు అనుభవిస్తుంది. అయిదేళ్ళ లోపు పిల్లలను, పుంజు ఎంత సాధువైనా, దాని దగ్గర ఒంటరిగా విడిచిపెట్టవద్దు. కోళ్ళను తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి.

పుంజు ఒకటైతే చాలు. ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు సరిపోతుంది. ఇరుకు పెరట్లో రెండు ఉంటే కయ్యం తప్పదు. పైగా కూతలూ పెరుగుతాయి. కోడి వెలుగును చూసి కూస్తుందని మనం అనుకుంటాం. జపానులోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పుంజు శరీరంలోని గడియారమే తెల్లవారకముందు దానిచేత కూయిస్తుంది. 2015లో వారే మరొకటి గుర్తించారు. గుంపులో పెద్దరికం గల పుంజు ముందు కూస్తే, మిగిలినవి తమ తమ స్థాయి ప్రకారం అందుకుంటాయి. ఒక్క పుంజు ఉన్న ఇంట ఈ అందుకోవడం ఉండదు.

ఇది పొరుగువారి హక్కుకు సంబంధించిన విషయం కూడా. సైబరాబాదులో అమెరికా వేళల ప్రకారం రాత్రంతా పనిచేసి తెల్లవారుజామున ఇల్లు చేరేవారు ఎందరో ఉన్నారు. మనకు మేలుకొలుపైన కూత వారికి కునుకు పట్టే వేళ వినిపిస్తుంది. కోడిని తిట్టవద్దని, అది నమాజుకు మేల్కొలుపుతుందని అబూదావూద్ హదీసులో ఉంది. కోడికూత విన్నప్పుడు అల్లాహ్ అనుగ్రహాన్ని వేడుకోవాలని బుఖారీ, ముస్లిమ్ హదీసుల్లో ఉంది. అంత గౌరవం పొందిన ప్రాణి మన అలక్ష్యం వల్ల పొరుగింటివారి శాపనార్థాలకు గురికావడం తగునా? రాత్రి గూడును గోడవారగా, పక్కింటి పడకగది కిటికీకి దూరంగా ఉంచండి. చీకటిగా, గాలి ఆడేలా కట్టి, తెల్లగా తెల్లవారాక తెరవండి. కూత పూర్తిగా ఆగదు, కానీ మోత తగ్గుతుంది. రెట్ట రోజూ ఎత్తి మొక్కలకు వేయండి. అప్పుడప్పుడు నాలుగు గుడ్లు గోడ మీదుగా అందించండి.

ఆరోగ్యం సరిగా లేని కోడికి గుణమూ సరిగా ఉండదు. కొక్కెర తెగులుకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిది వారాలకు రెండవ టీకా వేయించండి. దగ్గరలోని పశువైద్యశాలలో అడిగితే వివరాలు చెబుతారు.

చివరగా అందరూ దాటవేసే ప్రశ్న ఒకటుంది. ఎన్ని చేసినా మనిషిమీదకు వచ్చే పుంజును ఏం చేయాలి? దానిని కొట్టి లొంగదీయాలని చూడటం వ్యర్థం, క్రూరం కూడా. గంప కింద ఏళ్ళ తరబడి బంధించడమూ కరుణ కాదు. గుట్టుగా సంతలో అమ్మేసి చేతులు దులుపుకుంటే, ఆ పుంజు మరో ఇంటి బిడ్డ కంటికి ముప్పు అవుతుంది. సరుకులోని లోపాన్ని దాచి అమ్మేవారిని మహాప్రవక్త (స) ఎంత తీవ్రంగా హెచ్చరించారో మనకు తెలుసు. దాని వీరావేశం చూసి మురిసిపోయి పందెపువారికి ఇవ్వడం అన్నిటికన్నా పెద్ద తప్పు. దానికి తగిన దారి జిబహ్. కత్తికి పదును పెట్టి, ప్రాణికి బాధ తగ్గించి, మేలైన రీతిలో కోయమన్నది మనకున్న ఆదేశం. కడుపు నిండా మేత తిని, ఎండలో దుమ్ములో పొర్లి, బ్రతికినన్నాళ్ళు బాగా బ్రతికిన పుంజు బిస్మిల్లాహ్‌తో ముగిసి, నలుగురి పళ్ళెంలోకి చేరడంలో అన్యాయం లేదు. దాని కోపం మాత్రం తరువాతి తరానికి దిగదు.

అలా అయిదారేళ్ళు ఏరుకుంటూ పోయిన ఇంట్లో పిల్లలు భయం లేకుండా గుడ్లు తెచ్చుకుంటారు. పక్క వీధివారు పొదుగుకు గుడ్లు అడిగి తీసుకువెళతారు. మేడలు ఎంత ఎత్తుకు లేచినా ఆ గల్లీలో కోడికూతకు చోటు మిగులుతుంది. అసీల్ అంటే మేలుజాతిది అని చెప్పుకున్నాం. బలం ఉండీ పసివాడికి దారి ఇచ్చే పుంజుకే ఆ పేరు చెల్లుతుంది.