దుఃఖాన్ని దర్యాప్తు చేసేవాళ్ళు

డిటెక్టివ్ నవలలు చదివేవాళ్ళం నలుగురం కూడితే, ఎప్పుడో ఒకప్పుడు అగాథా క్రిస్టీ మాయమైన ఆ పదకొండు రోజుల ప్రసక్తి వచ్చి తీరుతుంది. వచ్చాక రెండు మాటలు తప్పవు. ఒకటి: "అదంతా పుస్తకాలు అమ్ముకోవడానికి ఆడిన నాటకం." రెండోది: "షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన పెద్దమనిషి ఆమె చేతితొడుగు పట్టుకెళ్ళి సోదె చెప్పించుకున్నాడట!" ఆ వెంటనే నవ్వులు. ఈ మధ్య ఒక మిత్రుడి ఇంట్లో మళ్ళీ అదే జరిగింది. నేను నవ్వలేకపోయాను. ఎందుకో అక్కడ చెప్పడానికి నోరు రాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ రెండు మాటలూ అన్యాయమైనవి. పైగా, డిటెక్టివ్ కథలు మనకు నేర్పవలసిన ఒకే ఒక్క పాఠానికి, అంటే సాక్ష్యం లేనిదే తీర్పు చెప్పకూడదన్న పాఠానికి, అవి ద్రోహం చేస్తున్నాయి.

ముందు జరిగినదేమిటో చూద్దాం. 1926 డిసెంబరు 3 రాత్రి ఆమె సన్నింగ్‌డేల్‌లోని తన ఇంటినుంచి కారు నడుపుకుంటూ వెళ్ళిపోయింది. మర్నాడు ఆ కారు సర్రేలో, గిల్డ్‌ఫర్డ్ సమీపాన న్యూలాండ్స్ కార్నర్ దగ్గర ఖాళీగా దొరికింది. పోలీసులూ, వేలాది జనమూ కొండలూ పొదలూ గాలించారు. సైలెంట్ పూల్ అనే మడుగులో వెతికారు. విమానాలు సైతం తిప్పారు. చివరికి డిసెంబరు 14న ఆమె యార్క్‌షైర్‌లోని హారోగేట్‌లో, స్వాన్ హైడ్రోపతిక్ అనే హోటల్లో కనిపించింది. ఆమెను గుర్తుపట్టినవాళ్ళు అక్కడి వాద్యబృందంలోని కళాకారులు. హోటల్ పుస్తకంలో ఆమె రాసిన పేరు మిసెస్ నీల్, ఊరు కేప్ టౌన్. నీల్ అన్నది ఆమె భర్త మనసుపడిన మరో స్త్రీ ఇంటిపేరు.

నాటకమనేవాళ్ళు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు. ఆ ఏడాదిలో అంతకుముందు జరిగినవి వాళ్ళకు పట్టవు. ఏప్రిల్లో ఆమె తల్లి పోయింది. ఆ తల్లి ఇంటిని, ప్రతి గదినీ, ప్రతి పెట్టెనూ ఖాళీ చేసే పని ఆమె మీదే పడింది. ఆ రోజుల్లో ఒకసారి చెక్కు మీద సంతకం చెయ్యబోతే తన పేరే గుర్తుకు రాలేదని ఆమె ఆత్మకథలో రాసుకుంది. తల్లి దుఃఖం తీరకముందే భర్త వచ్చి విడాకులు అడిగాడు. సొంత పేరును ఒకసారి మరిచిపోయిన మనిషి, కొన్ని నెలల తర్వాత ఇంకో పేరుతో ఒక హోటల్ గదిలో దొరికితే, మనకు మొదట తోచవలసిన మాట "నాటకం" అయివుండాలా?

"ఆ ఇంటిపేరే ఎందుకు రాసింది? అది పగ కాదా?" అంటారు. కావచ్చు. పగా దుఃఖమూ ఒకే గుండెలో ఇమడవని ఎవరు చెప్పారు? ఇక ప్రచారం కోసమే అనేవాళ్ళకు ఒక ప్రశ్న. యార్క్‌షైర్‌లో ఒక ఆరోగ్య విడిదికి వెళ్తున్నానని ఆమె తన మరిదికి ఉత్తరం రాసింది. దేశాన్ని మోసగించాలనుకున్న మనిషి చిరునామా జాడ తానే పంపుతుందా? ఆ ప్రచారంతో ఆమె తర్వాత ఏం చేసుకుంది? ఆమె మరణానంతరం 1977లో వెలువడిన అంత పెద్ద ఆత్మకథలో ఆ పదకొండు రోజుల గురించి ఒక్క మాట లేదు.

"అంతమంది చేత వెతికించిన మనిషి సంజాయిషీ చెప్పనక్కర్లేదా?" అన్నది మూడో వాదం. ఉత్తరం చేతిలో ఉన్నా, మడుగులో శవం కోసం వెతకమని ఆమె ఎవరినీ అడగలేదు. మనిషి బతికి ఉందని తెలిశాక ఊరట చెందవలసిన జనం కోపం తెచ్చుకున్నారు. శవం దొరకనందుకు పాఠకులు ఆమెను ఇప్పటికీ క్షమించలేదేమోనని నా అనుమానం. 1979లో సినిమా తీశారు. 2008లో ఒక బ్రిటిష్ టీవీ ధారావాహిక ఏకంగా ఒక రాకాసి కందిరీగను కారణంగా చూపింది. తల్లి పోయిన కూతురు అన్న కారణం మాత్రం కథకు చాలదు కాబోలు!

ఇక కోనన్ డాయిల్ సంగతి. ఆయన ఆమె చేతితొడుగును ఒక మాధ్యముడికి ఇచ్చిన మాట నిజం. వస్తువు మనిషి బతికే ఉందని ఆ మాధ్యముడు చెప్పాడు. డాయిల్ దాన్ని ఘనవిజయంగా పత్రికకు రాశాడు. అది విజయం కాదు. బతికుందా, లేదా అన్న రెండు జవాబుల్లో ఒకటి సరిపోవడం విద్య అనిపించుకోదు. ఈ విషయంలో నాకు హేతువాద మిత్రులతో పేచీ లేదు.

పేచీ ఆ నవ్వుతోనే. మొదటి ప్రపంచయుద్ధం మొదటి నెలల్లోనే ఆయన బావమరిది పోయాడు. 1918లో కొడుకు కింగ్స్‌లీ, మరుసటి ఏడాది తమ్ముడు ఇన్నెస్ పోయారు. కొడుకు పోయాకే ఆయనకు మతి తప్పిందన్న ప్రచారం కూడా తప్పే. 1916లోనే తన నమ్మకాన్ని బహిరంగంగా ప్రకటించాడు. మతి అసలు తప్పనేలేదు. చెయ్యని హత్యకు జైల్లో మగ్గుతున్న ఆస్కార్ స్లేటర్ కోసం 1912లో పుస్తకం రాసినవాడు, ఆ పోరు విడవలేదు. స్లేటర్ 1927లో విడుదలయ్యాడు, 1928లో శిక్ష రద్దయింది. చేతితొడుగు కథకూ ఈ విడుదలకూ నడుమ ఉన్నది ఒక్క ఏడాది! ఒకే మనిషి, ఒకే బుర్ర.

ఇప్పటి సీరియళ్ళలో డిటెక్టివ్‌కి భార్యో బిడ్డో పోయివుండటం ఆనవాయితీ. అతను ఏదో హోటల్‌కి వస్తాడు, అక్కడ ఎవరో మాయమవుతారు, దుఃఖం అతని తెలివికి సానపడుతుంది. మనం ముచ్చటపడతాం. నిజంగా దుఃఖంలో ఉన్న డిటెక్టివ్ ఎదురైతే మాత్రం నవ్వుతాం. నాకీ సంగతి ఎలా తెలుసంటే, నేనూ నవ్వినవాడినే.

మా పెదనాన్న లెక్కల మాస్టారు. పరీక్ష తప్పిన కొడుకు ఇల్లు విడిచిపోయాడు. విజయవాడ రైల్వేస్టేషన్ దగ్గర ఒక లాడ్జి రిజిస్టర్లో వాడి దస్తూరి దొరికింది. ఒక రాత్రికి గది తీసుకున్నాడు, అంతే. ఆపైన ఆనవాలు లేదు. పెదనాన్న ఏళ్ళ తరబడి ఆ లాడ్జికి వెళ్ళేవారు. తెల్లవారుజామున కదిలే రైళ్ళ వేళలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. ప్రతి రైలుకీ ఒక పేజీ. నేనెరిగిన డిటెక్టివులందరిలో ఆయనే శ్రద్ధగలవాడు. ఒకనాడు వాడి చొక్కా సంచిలో పెట్టుకుని సోదెమ్మ దగ్గరికి వెళ్ళొచ్చారు. అప్పుడే కాలేజీలో చేరి నాలుగు పుస్తకాలు చదివిన నేను, అందరి ముందూ, "లెక్కల మాస్టారై ఉండి సోదెకి వెళ్ళారా పెదనాన్నా?" అని నవ్వాను. ఆయన కోప్పడలేదు. "లెక్కంతా చేశాన్రా. శేషం మిగిలింది. దాన్నేం చెయ్యమంటావు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఇవాళా లేదు. సోదె అబద్ధమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. నేను చేసిన తప్పు సోదెను కాదనడం కాదు, ఆ నోటుబుక్కును చూడకపోవడం. అన్ని పేజీలు నింపిన చెయ్యి ఏ దారీ మిగలక చొక్కాను పట్టుకుందని గ్రహించకపోవడం.

డాయిల్‌ని తప్పుపట్టాలంటే ఒక్కదానికి పట్టండి: పరాయి మనిషి ఆపదను తన నమ్మకానికి రుజువుగా వాడుకుని పత్రికకెక్కించాడు. అది తప్పే. కానీ ఆమె మౌనాన్ని మన తెలివికి రుజువుగా వాడుకుంటున్న మనం చేస్తున్నదీ ఆ పనే కదా? ఆయన కనీసం ఆమె బతికుండాలని కోరుకున్నాడు.

ఆ హోటల్ ఓల్డ్ స్వాన్ అన్న పేరుతో హారోగేట్‌లో ఉంది. మా పెదనాన్న వెళ్ళిన లాడ్జి ఇప్పుడు లేదు. ఆయనా లేరు. నోటుబుక్కు నా దగ్గరుంది. ఈసారి నలుగురం కూడినప్పుడు చేతితొడుగు ప్రసక్తి వస్తే, నవ్వే ముందు ఎవరైనా ఆ పేజీలు తిప్పిచూడవచ్చు.