పంచింది మందను, మేతను కాదు

ఆస్ట్రేలియాలోని ఆనా క్రీక్ పశుక్షేత్రం విస్తీర్ణం 15 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. మన మహబూబాబాద్ లాంటి జిల్లాలు ఐదు అందులో పడతాయి. అక్కడి పెద్ద క్షేత్రాల్లో పశువుల్ని మళ్లించడానికి హెలికాప్టర్లు ఎగురుతాయట. మన మరిపెడ వైపు కాపరికి ఉన్నది ఒక గొంగడి, కొమ్మలు దించే దోటి. అయినా తేడా హెలికాప్టర్‌లో లేదు. అక్కడ మేత భూమికి ప్రభుత్వ లీజు పత్రం ఉంటుంది, ఇక్కడ మంద ఎక్కడ ఆగాలన్నా ఎవరినో బతిమాలాలి. 2017లో మన తెలంగాణ సర్కారు గొల్ల కురుమలకు 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యూనిట్లు పంచింది. మంచిదే. పంపకంలో జరిగిన అక్రమాల మీద కాగ్ రాసింది, ఏసీబీ కేసులూ నడిచాయి, ఆ గొడవ అందరికీ తెలిసిందే. నేను అడిగేది అంతకన్నా ముందు ప్రశ్న: అవి మేసేదెక్కడ? ఊరి ఉమ్మడి మేత బీళ్లయిన బంచరాయి భూములు పట్టాలయ్యాయి, గుట్టలు క్వారీలయ్యాయి, మిగిలినవి పత్తి, మిర్చి చేలు. మందు కొట్టిన చేనులో మంద నాలుగు పోచలు కొరికితే చాలు, సాయంత్రానికి నోట నురగలు. వరి కోసిన మళ్లలో రాత్రి మంద పెట్టించుకుని ఎరువు కోసం డబ్బులో, వడ్లో ఇచ్చే రైతు ఇంకా ఉన్నాడు గనుక కాపరి బతుకుతున్నాడు. అటవీ హక్కుల చట్టం 2006 వలస కాపరుల మేత హక్కునూ గుర్తించింది, అడవి గేటు దగ్గర ఆ మాట ఎవరు వింటారు? అయ్యా, కొత్త యూనిట్ల సంగతి తర్వాత. ముందు ఊరూరా మిగిలిన బంచరాయిని కొలిచి హద్దురాళ్లు పాతించండి.