మారాలంటే మొదట్లోనే

ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా కాని కో-పైలట్ మరో విమానయాన సంస్థ వైపు చూస్తే నిలకడ లేనివాడన్న ముద్ర పడుతోంది. ఆ ముద్ర అన్యాయం. సంస్థ మారే ఆలోచనే ఉంటే ఆ పని తొలి ఏళ్లలోనే చేయాలి, ఆలస్యమయ్యే కొద్దీ నష్టం పెరుగుతుంది. కొత్త సంస్థకు పైలట్ వెంట అనుభవం వస్తుంది గానీ సీనియారిటీ రాదు. కో-పైలట్‌గా చేరినవారు లాగ్‌బుక్‌లో ఎన్ని గంటలున్నా వరసలో చివరే నిలబడాలి. ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సుకు 1500 గంటలు కావాలి. ఏడాదికి 1000 గంటలు మించకూడదన్న పరిమితి ఉన్నా రెండు మూడేళ్లలో అవి పూర్తవుతాయి. కెప్టెన్ సీటు మాత్రం ఖాళీని బట్టీ, వరసను బట్టీ వస్తుంది. రెండో ఏట మారినవారు పోగొట్టుకునేది రెండేళ్ల వరసే. ఎనిమిదో ఏట మారితే కెప్టెన్ కావలసిన వేళ మళ్లీ మొదటి మెట్టు ఎక్కాలి. పైగా విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో తెచ్చిన నిబంధన ప్రకారం కో-పైలట్‌కు నోటీసు గడువు 6 నెలలు, కెప్టెన్‌కు 12 నెలలు. హోదా పెరిగితే గుమ్మం దాటడమూ కష్టమవుతుంది.

ఉన్నచోటే ఓపిక పట్టమనే పెద్దల మాటలో, ఆ సంస్థ చివరిదాకా ఉంటుందన్న నమ్మకం దాగి ఉంది. మన దేశ అనుభవం అందుకు విరుద్ధం. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. విస్తారా 2024 నవంబర్‌లో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. ఇవేవీ రాత్రికి రాత్రి వచ్చినవి కావు. కింగ్‌ఫిషర్, జెట్ మూతపడటానికి నెలల ముందే జీతాలు ఆగాయి. గో ఫస్ట్ విమానాలు ఇంజిన్ల కొరతతో పెద్ద సంఖ్యలో నేల మీదే నిలిచిపోయాయి. ఇలాంటి సూచనలు కనబడినప్పుడు కదలని యువ పైలట్ విశ్వాసం చూపుతున్నట్టు కాదు, తన భవిష్యత్తును అప్పుల వాళ్ల చేతిలో పెడుతున్నట్టు. అలాగని ఎక్కువ జీతమో, చేరినందుకిచ్చే బోనస్సో చూసి మారడమూ తెలివి కాదు. బోనస్ ఒక్కసారే వస్తుంది. చూడాల్సింది ఎన్ని కొత్త విమానాలు రాబోతున్నాయన్నది. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లిచ్చాయి. విమానం చేరితేనే కెప్టెన్ సీటు పుడుతుంది. ఆ విమానాలకు సరిపడా పైలట్లు ఉన్నారా అన్నదీ అంతే ముఖ్యం. పైలట్ల వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచి, రాత్రి ల్యాండింగ్‌లను 6 నుంచి 2కు తగ్గించిన కొత్త నిబంధనలు పూర్తిగా అమల్లోకి రాగానే, 2025 డిసెంబర్‌లో ఇండిగో వేలాది సర్వీసులు రద్దు చేయాల్సి వచ్చింది. రోస్టర్ బిగుతుగా ఉన్నచోట అలసట పైలట్‌ది, ప్రమాదం అందరిదీ.

శిక్షణ ఖర్చు పెట్టిన సంస్థను వదిలిపోతారా అని కొందరు నిలదీస్తారు. మన దేశంలో లైసెన్సు నుంచి టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడిపే అర్హత) దాకా ఆ ఖర్చు చాలావరకు భరించేది కుటుంబాలే. ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టి కోటి రూపాయల దాకా అప్పు చేసినవారిని రుణగ్రస్తులుగా చూడాలి, కృతఘ్నులుగా కాదు. సంస్థే నిజంగా ఖర్చు పెట్టి బాండు రాయించుకుంటే మాత్రం ఆ బాకీ తీర్చి కదలడం ధర్మం. ప్రయాణికుల ఇబ్బంది గురించిన అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది పైలట్లు నోటీసు గడువు పూర్తిచేయకుండా వెళ్లారు. సర్వీసులు రద్దయ్యాయి, వివాదం కోర్టుకెక్కింది. టికెట్ కొన్నవారికి ఆ పైలట్ల మీద కోపం రావడం సహజం. మారే హక్కు కోసం వాదించేవారే, గడువు నిండేదాకా విమానం నడపాలని కూడా గట్టిగా చెప్పాలి.

అయితే గడువు రెండు వైపులా కట్టిపడేయాలి. కింజరాపు రామ్మోహన్ నాయుడు చేతిలో ఉన్న పౌర విమానయాన శాఖ ఆ నోటీసు నిబంధనలో ఒక మార్పు తేవాలి. జీతం నెల ఆలస్యం చేసిన సంస్థకు నోటీసు అడిగే హక్కు ఉండకూడదు. చేర్చుకునేటప్పుడే సీనియారిటీలో స్థానం ఎక్కడో, కెప్టెన్ పదోన్నతికి ఏ నియమాలో కాగితం మీద ఇవ్వడం తప్పనిసరి చేయాలి. ఇరవై మూడేళ్ల వయసులో సంతకం పెట్టేవారికి ఈ రెండూ తెలిస్తే, మారాలో వద్దో వారే లెక్క వేసుకోగలరు.