పల్లెటింటికి కెమెరా కావలి

పూర్వపు గుంటూరు, ప్రకాశము జిల్లాల పల్లెలలో ఇటీవల ఇల్లు కట్టించువారు సింహద్వారమునకు తోరణము కట్టకమునుపే గోడకు సి.సి. కెమెరా బిగించుచున్నారు. ఇందు పరిహసింపవలసిన దేమియు లేదు. కుమారుడు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగము చేయుచుండగా వృద్ధులైన తలిదండ్రులు ఇంట ఒంటరిగా నుండుట మన యూళ్లలో సర్వసామాన్యమైనది. కల్లములో ఆరుచున్న మిరపకాయలు రాత్రివేళ మాయమగుటయు, రాగికొఱకు మోటారు తీగలను కోసికొని పోవుటయు రైతులెఱుగని మాటలు కావు. అయినను ఈ కెమెరాలు కొనువారిలో పెక్కుమంది వెల తక్కువయను ఒక్క కారణముచేతనే కొనుచు, తమకేమి కావలెనో ముందుగా విచారించుట లేదని మాకు తోచుచున్నది. ఈ విషయమున మా యభిప్రాయమును తలిదండ్రులకును విద్యార్థులకును విన్నవించెదము.

కెమెరా దొంగను చూచును గాని పట్టుకొనదు. గడియ వదులుగా నుండగా, వాకిట దీపము లేకుండగా, రెండు వేల రూపాయల కెమెరాను గోడకు తగిలించి నిశ్చింతగా నిద్రించుట తెలివిగల పని కాదు. ముందు తాళము, తరువాత దీపము, ఆ తరువాతనే కెమెరా. మంచి కుక్కను గూర్చి మేము వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇంటి వాకిలికి కెమెరా పెట్టవలెనను తలంపు ధనికులకు పుట్టినది కాదు. న్యూయార్కు నగరములోని క్వీన్సు అను భాగమున నివసించిన మేరీ వాన్ బ్రిట్టన్ బ్రౌన్ అను నర్సు, వేళకాని వేళల ఉద్యోగము చేయుచు, పోలీసులు త్వరగా రాని పేటలో ఒంటరిగా నుండవలసివచ్చి, తలుపునకు కెమెరాయు పడకగదిలో దాని బొమ్మను చూపు తెరయు గల యొక యేర్పాటును భర్తతో కూడి కనిపెట్టెను. 1966లో వారు దరఖాస్తు చేయగా 1969లో పేటెంటు లభించినది. ఆమె కోరినది ఒక్కటే: తన తలుపు ముందు నిలిచినవా రెవరో తెలియవలెను. మనవారును ఈ మాత్రము కోరికతో ఆరంభించినచో ధనము చాల మిగులును. నలుదిక్కుల నాలుగు నాసి కెమెరాలకంటె వాకిట నొక మంచి కెమెరా మేలు.

ఆ యొక్కదానిని ఎన్నుకొనుట యెట్లు? అంగడివారు మెగాపిక్సెళ్ల సంఖ్యను బిగ్గరగా చెప్పుదురు. వాకిటికి రెండు మెగాపిక్సెళ్లు చాలును, చూడవలసినది కటకము. 2.8 మిల్లీమీటర్ల కటకము విశాలముగా చూపును గాని, పది పండ్రెండు అడుగుల లోపల నున్నవాని ముఖమునే గుర్తుపట్టనిచ్చును. ముప్పది అడుగుల దూరమున ఎవడో మనిషి పోయెనని మాత్రమే తెలియును. పొడవైన దొడ్డి యున్నవారు 4 లేక 6 మిల్లీమీటర్ల కటకము అడుగవలెను. ఎనిమిది తొమ్మిది అడుగుల యెత్తున, పడమటి యెండ సూటిగా తగులని చోట బిగింపవలెను. ఇంకను ఎత్తునకు పోయినచో తలపాగాలు తప్ప ముఖములు కనబడవు. రాత్రివేళ కెమెరా విడుచు పరారుణ కాంతికి పురుగులు చేరును, పురుగులకొఱకు సాలీడు గూడు కట్టును, ఆ గూడు గాలికి కదలినప్పుడెల్ల ఫోను మ్రోగును. మనుష్యుని వేఱుగా గుర్తించు శక్తిగల కెమెరా అయినచో ఈ బాధ చాలవఱకు తగ్గును.

విద్యార్థులు ఈ లెక్క చేసి చూచుకొనవలెను. సెకనుకు ఒక మెగాబిట్టు చొప్పున ఎడతెగక రికార్డు చేయు కెమెరాకు దినమునకు దాదాపు 11 గిగాబైట్లు కావలెను. అనగా 128 గిగాబైట్ల కార్డు సుమారు 11 దినములకు వచ్చును; పిమ్మట పాతవి చెఱిగి క్రొత్తవి చేరును. పెండ్లి ప్రయాణమునకు పదునైదు దినములు పోయినవాడు, మొదటినాడు జరిగిన దొంగతనమును తిరిగివచ్చి చూడజాలడు. అట్టివారు ఇంకొక మార్గము తెలిసికొనవలెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారు ఎల్.హెచ్.ఎం.ఎస్. అను పేరుతో, తాళము వేసిన యింటికి యజమాని కోరినప్పుడు రుసుము లేకయే కెమెరా అమర్చు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఊరు విడుచుటకు ముందు తమ స్టేషనులో విచారించుకొనుట మంచిది.

కరెంటు పోయినచో కెమెరాయు రౌటరును రెండును ఆగిపోవును. కావున రౌటరుకు చిన్న యు.పి.ఎస్. కొనుట కెమెరా కొనుటలో భాగమే. పొలములోని మోటారు కొట్టమునకు దినమున కొన్ని గంటలే కరెంటు వచ్చును గనుక అచ్చట సోలారు పలకయు బ్యాటరీయు సిమ్మును గల కెమెరా తప్ప గత్యంతరము లేదు. దానికి నెలనెల రీఛార్జి యుండును. వెలను మాత్రమే చూచి కొనినవారు ఈ ఖర్చును మఱచుచున్నారు.

పాస్‌వర్డు సంగతి విద్యార్థులతోనే చెప్పవలసియున్నది, ఏలయనగా ఇంటిలో ఆ పని చేయువారు మీరే. 2016వ సంవత్సరమున మిరాయి అను దుష్ట ప్రోగ్రాము, తయారుచేసినవారిచ్చిన పాస్‌వర్డును మార్చక విడిచిన కెమెరాలను లక్షలకొలది లోబఱచుకొని, వానిద్వారా అమెరికాలో అనేక వెబ్‌సైట్లను స్తంభింపజేసెను. పెట్టెపై నున్న పాస్‌వర్డును మొదటినాడే మార్చుడు. మన ప్రభుత్వము 2025 ఏప్రిలు నుండి ఇట్టి కెమెరాలకు భద్రతా పరీక్షలను నిర్బంధము చేసినది. కావున ఆ ధ్రువీకరణము కలదా యని అంగడివానిని నిర్మొగమాటముగా అడుగుడు. మిగిలిపోయిన పాత సరకు చౌకగా వచ్చుచున్నదని సంతోషింపకుడు.

ఇక మాకు అన్నిటికంటె ముఖ్యమని తోచుచున్న విషయము కెమెరా ఎవరివైపు చూచుచున్నదనునది. మిరప కోతలకు కర్నూలు ప్రాంతమునుండి కుటుంబములు పిల్లలతో వచ్చి, కల్లముల ప్రక్కనే పట్టాల గుడారములలో నెలల తరబడి యుందురు. ఆ స్త్రీలకు స్నానమునకు చాటు ఒక చీర తెర మాత్రమే. కాయల గుట్టపైకి త్రిప్పిన కెమెరా ఆ తెరను గూడ చూచును. రాత్రివేళ వారి పండుకొను చోటును చూచును. మైకు ఉన్నచో వారి మాటలు వినును. యజమానికి అట్టి దురుద్దేశము లేకపోవచ్చును. కాని ఆ బొమ్మలు ఇంటిలోని ప్రతి ఫోనులోను ఉండును గదా. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీముకోర్టు 2017లో తీర్పు చెప్పినది. స్త్రీని ఆమె చాటుననుండగా చూచుటయు చిత్రించుటయు భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షనుక్రింద నేరము. గుడారములు కెమెరా చూపులో పడకుండ వేయించుట, మైకును ఆపివేయుట, ఇచ్చట కెమెరా కలదని కూలివారితో నోటితో చెప్పుట, ఇవి రూపాయి ఖర్చులేని పనులు.

బాపట్లకు సమీపముననున్న స్టూవర్టుపురము కథ మన ప్రాంతమువారు మఱవరాదు. 1913 ప్రాంతమున ప్రభుత్వము ఎఱుకలవారిని అచ్చట నివసింపజేసి సాల్వేషన్ ఆర్మీవారి పాలనకు అప్పగించెను. నేరస్థ జాతుల చట్టముక్రింద, తప్పు చేసినవానినే గాక ఆ కులమున పుట్టిన ప్రతివానిని అనుమానించి హాజరు పిలిచిరి. ఆ చట్టము 1952లో రద్దయినది. నేడు కొందఱు తమ గేటును విడిచి పేట బాటవైపు కెమెరా త్రిప్పి, అటు పోవువారినెల్ల లెక్కించుచున్నారు. రద్దయిన చట్టము గోడమీదికి మరల ఎక్కినట్లు మాకు కనబడుచున్నది. కెమెరా మన గేటును, మన వాకిలిని చూచిన చాలును.

ఇంటిలోపల కెమెరా పెట్టు కుమారులతోను ఒక మాట. తల్లి కూర్చుండు వసారాలో ఆమెను అడుగకయే దానిని బిగించుట మాకు సమ్మతము కాదు. ఆమె తల దువ్వుకొనునప్పుడును, ఇరుగమ్మతో కష్టసుఖములు చెప్పుకొనునప్పుడును ఎవరో చూచుచున్నారను సంకోచము కలుగును. ఆమె వలదన్న చోట పెట్టకుడు. ఫోనులో చూచితిమి గదా యని పండుగకు రాక మానువారును ఉన్నారు. వారికి ఏ కంపెనీ కెమెరాను సిఫారసు చేయవలెనో మాకు తోచుట లేదు.

కోతలు ముగిసి కల్లము ఎత్తివేసిన దినముననే అచ్చటి కెమెరాను విప్పి, కార్డును చెఱిపివేసి, కటకముమీది మిరప ధూళిని మెత్తని పొడిగుడ్డతో తుడిచి ఇంటికి తెచ్చుకొనవలెను. దానిని పశువుల కొట్టమునకు బిగించినచో, ఈనబోవు గేదెను చూచుటకు రాత్రి నాలుగు మాఱులు లేవవలసిన పని తప్పును.